‘ఇ-హెల్త్’ అంటే మన చట్టం దృష్టిలో ఏమిటి?

ప్రశ్న (ఎల్‌ఎల్‌ఎం విద్యార్థిని, సూర్యాపేట):

ఎలక్ట్రానిక్ ఆరోగ్య సేవల నియంత్రణపై వ్యాసం రాస్తూ మొదటి అధ్యాయం దగ్గరే ఆగిపోయాను. ప్రపంచ ఆరోగ్య సంస్థకు విధానాలు నిర్ణయించే ప్రపంచ ఆరోగ్య సభ 2005లో చేసిన తీర్మానం ‘ఇ-హెల్త్’ను చాలా విశాలంగా చెప్పింది. వైద్యసేవ మొదలుకొని వ్యాధుల నిఘా, ఆరోగ్య విద్య, పరిశోధన దాకా దేనికైనా సరే, సమాచార సాంకేతికతను భద్రంగా, ఖర్చుకు తగిన ఫలితం దక్కేలా వాడుకోవడమంతా దాని కిందికే వస్తుంది. మన చట్టాల్లో అలాంటి నిర్వచనమేదీ నాకు కనబడలేదు.

ఒక ఉదాహరణ చెబుతాను. మా అమ్మకు బీపీ ఉంది. చికాగోలో డాక్టరుగా ఉన్న మా పెదనాన్నగారి అబ్బాయి వీడియోలో మాట్లాడి మాత్ర మార్చమన్నాడు. నేను ఆ పేరు వాట్సాప్‌లో మెడికల్ షాపుకు పంపితే, వారు డాక్టరు చీటీ ఫోటో అడిగారు. ఇందులో ఏ భాగం ఏ చట్టం కిందికి వస్తుందో పెద్దలు చెప్పగలరు.

జవాబు 1 (విశ్రాంత ప్రజారోగ్య అధ్యాపకుడు):

నిర్వచనం కోసం మరీ వెతకకండి, అమ్మా. 2005లో వెలువడిన ఒక సమీక్ష అప్పటికి అచ్చయిన రచనలను జల్లెడ పట్టి 51 నిర్వచనాలను లెక్క తేల్చింది. వాటన్నిటిలోనూ కనిపించినవి ఆరోగ్యం, సాంకేతికత అనే రెండు అంశాలే.

మన దేశంలో పని ముందు నడిచింది, నియమం వెనుక వచ్చింది. చిత్తూరు జిల్లా అరగొండలోని టెలిమెడిసిన్ (దూరం నుంచే వైద్య సలహా ఇచ్చే) కేంద్రాన్ని 2000 మార్చిలో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ ప్రారంభించారు. టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వచ్చింది 2020 మార్చి 25న, అంటే లాక్‌డౌన్ మొదలైన రోజున. అవి కొత్త చట్టం కాదు. వైద్యుల నడవడికపై 2002లో చేసిన నిబంధనలకు అనుబంధంగా చేరాయి. కాబట్టి అవి ప్రధానంగా నియంత్రించేది వైద్యుణ్ణే, అయితే యాప్‌లకూ కొన్ని షరతులు పెట్టాయి. యాప్‌లోని కృత్రిమ మేధ రోగికి సలహా ఇవ్వకూడదని, మందు రాయకూడదని వాటిలో స్పష్టంగా ఉంది. రోగి, వైద్యుడు ఒకరికొకరు ఎవరో తెలియకుండా సంప్రదింపు జరగకూడదని కూడా ఉంది.

మీ వ్యాసంలో ఒక మాట దగ్గర మాత్రం జాగ్రత్త పడండి. ఆ మార్గదర్శకాల్లో ‘ఆర్‌ఎంపీ’ అంటే వైద్య మండలిలో నమోదైన డాక్టరు. మన ఊళ్లలో ఆర్‌ఎంపీ అని పిలిచేది సరిగ్గా ఆ నమోదు లేనివారినే!

జవాబు 2 (ఫార్మసిస్టు, తెనాలి):

షాపువారు చీటీ అడగడంలో తప్పు లేదు. బీపీ మాత్రలు షెడ్యూల్ హెచ్‌లోని (డాక్టరు చీటీ మీదే అమ్మాల్సిన జాబితాలోని) మందులు గనుక నమోదైన వైద్యుడు సంతకం చేసి, తేదీ వేసిన చీటీ లేకుండా అమ్మకూడదు. సంతకం చేసిన చీటీని ఫోటో తీసి రోగికి మెసేజ్‌లో పంపవచ్చని 2020 మార్గదర్శకాలు వైద్యులకు వీలు కల్పించాయి. అయితే అన్ని మందులకూ ఒకే పద్ధతి లేదు. కొన్నింటిని ఫోన్‌లో మాట్లాడి రాయవచ్చు, కొన్నింటికి మొదటిసారి వీడియో సంప్రదింపు తప్పనిసరి, మత్తు కలిగించే మందులను, ఇంకా కట్టుదిట్టమైన షెడ్యూల్ ఎక్స్ జాబితాలోని మందులను దూరం నుంచి రాయనే కూడదు.

ఆన్‌లైన్ అమ్మకాల సంగతి వేరు. వాటికి 2018 ఆగస్టులో ముసాయిదా నియమాలు ప్రకటించారు గాని తుది రూపం ఇవ్వలేదు. కౌంటరు దగ్గర కూర్చునే మాకు 1940 నాటి మందుల, సౌందర్య సాధనాల చట్టం అణువణువునా వర్తిస్తుంటే, ఆన్‌లైన్ వారి వ్యాపారం ముసాయిదా మీద నడవడం కొంత వింతగానే ఉంటుంది.

జవాబు 3 (న్యాయవాది, హైదరాబాద్):

సమాచారం వైపు నుంచి రెండు మాటలు చెబుతాను. ఐటీ చట్టం కింద 2011లో చేసిన నియమాలు ఆరోగ్య స్థితిని, వైద్య రికార్డులను ‘సున్నితమైన’ వివరాలుగా విడదీశాయి. ఆరోగ్య సమాచారం కోసమే 2018లో ‘దిశ’ పేరుతో ఒక ముసాయిదా తెచ్చారు గాని అది చట్టం కాలేదు. ఆ తరువాత వచ్చిన 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో సున్నితమైనవనే ప్రత్యేక వర్గమే లేదు. మీ అమ్మగారి బీపీ లెక్కా, ఫోన్ నంబరూ అందులో ఒకే గాటన ఉంటాయి. నా దృష్టిలో ఇది వెనకడుగే. భద్రత పాటించని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా పెట్టారు, నిజమే. కాని సమాచారం బయటపడిన రోగికి పరిహారం ఇప్పించే ఏర్పాటు ఆ చట్టంలో లేదు. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడి దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి.

ఒక వివరం మీ అధ్యాయానికి పనికొస్తుంది. కాగితపు చీటీ సొరుగులో ఉన్నంతకాలం ఈ చట్టం దాని జోలికి రాదు. దాన్ని ఫోటో తీసి మీ ఇంటి అవసరానికి ఉంచుకున్నా వర్తించదు. అదే ఫోటో షాపువారి కంప్యూటరులోకి ఎక్కితే వారికి వర్తిస్తుంది.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. చికాగో అన్నయ్య సంగతి మాత్రం తేలలేదు. ఆయనకు ఇక్కడి వైద్య మండలిలో పాత రిజిస్ట్రేషన్ ఇంకా ఉంది.

జవాబు 1 (మళ్లీ):

రిజిస్ట్రేషన్ ఉన్నా, భారతదేశ పరిధి దాటిన సంప్రదింపులకు తాము వర్తించబోమని ఆ మార్గదర్శకాలే చెబుతున్నాయి. కాబట్టి ఆయన మాట ఇంటి పెద్దకొడుకు సలహాగా చెల్లుతుంది గాని మందుల చీటీగా చెల్లదు. ఆయన చెప్పిన మార్పును మీ ఊరి డాక్టరుగారికి వివరించి, ఆయనకు సబబనిపిస్తే ఆయన చేతనే రాయించండి.