నాలుక కాన్సర్‌కి మెడ కూడా కొయ్యాలంటున్నారు, మెడలో గడ్డేం లేదు కదా, ఎందుకు?

పొందూరు_కుర్రోడు:

అందరికీ నమస్తే. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి ప్లీజ్. మా నాన్నకి 57, వ్యవసాయం. చుట్ట ఎప్పుడో మానేశారు గాని ఖైనీ మానలేదు, ఎప్పుడూ కుడి పక్క దవడలోనే పెడతారు. సంక్రాంతి ముందు నుంచి నాలుక కుడి అంచున పుండు. పన్ను గీసుకుందనుకుని ఊళ్లో చూసే ఆయన బీకాంప్లెక్సు, రాసుకునే జెల్లు ఇచ్చారు, తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది. తర్వాత్తర్వాత చెవిలో పోటు మొదలైంది. చెవి కదాని చెవి డాక్టరుకే చూపించాం. ఆ మేడం చెవిలో ఏమీ లేదని చెప్పి, నోరు తెరవమని, గ్లవ్సు వేసుకుని నాలుక బయటికి లాగి పుండు చుట్టూ వేళ్లతో నొక్కి చూసారు. కింద గట్టిగా తగుల్తోంది అని అప్పుడే ముక్క తీసి పరీక్షకి పంపారు.

రిపోర్టు స్క్వామస్ సెల్ కార్సినోమా, అంటే నోటి పైపొరలో పుట్టే కాన్సర్ అంట. ఎమ్మారైలో సైజు 2.6 సెంటీమీటర్లు, లోతు 7 మిల్లీమీటర్లు, మెడలో బిళ్లలు ఏమీ లేవు, టీ2 ఎన్0 (గడ్డ రెండో మెట్టు, మెడ బిళ్లల్లో ఏమీ కనపడలేదు అని) అని రాసారు. విశాఖలో సర్జన్ గారు నాలుకలో ఆ భాగం తీసేసి, అదే ఆపరేషన్‌లో కుడి పక్క మెడలో లింఫ్ నోడ్లు, అంటే కాన్సర్ ముందుగా పాకే చిన్న గ్రంథులంట, అవి కూడా తీసేస్తాం అన్నారు. ఇక్కడే ఇంట్లో గొడవ. పెదనాన్న అస్సలు ఒప్పుకోవట్లేదు. "లేని గడ్డకి కోత ఏటి, ఎలకే కనపడకుండా గట్టంతా తవ్వేస్తారేటి" అంటున్నారు. ముందు నాలుక చేయించి, మెడలో ఏమైనా వస్తే అప్పుడు చూద్దాం అని ఆయన మాట. నాన్న అన్న మాట జవదాటరు. పైగా బావ ఒక వాట్సాప్ మెసేజ్ పంపాడు, కొత్త ఇమ్యూనిటీ ఇంజెక్షన్ వచ్చింది, నోటి కాన్సర్‌కి ఇక ఆపరేషనే అక్కర్లేదు అని. నేను డిగ్రీ చదివాను గాని ఇవన్నీ నాకేం తెలుస్తాయి. తెలిసినోళ్లు చెప్పండి, ఆగడం మంచిదా, ఒకేసారి చేయించడం మంచిదా?

ఈఎన్‌టీ_పీజీ:

తమ్ముడూ, నేను ఈఎన్‌టీలో పీజీ చేస్తున్నా, నాన్న గారిని చూడకుండా మాట్లాడుతున్నా కాబట్టి ఆఖరి మాట మీ సర్జన్‌దే. మీ పెదనాన్న గారు అడిగింది మాత్రం తీసిపారేసే ప్రశ్న కాదు, దీని మీద ప్రపంచంలో సర్జన్లే కొన్ని దశాబ్దాలు వాదించుకున్నారు, ఆగి చూద్దాం అనే బ్యాచ్ ఒకటి, ముందే తీసేద్దాం అనే బ్యాచ్ ఒకటి. ఆ గొడవ చాలా వరకు తేల్చింది మనోళ్లే, ముంబై టాటా మెమోరియల్‌లో డాక్టర్ అనిల్ డిక్రూజ్ టీమ్. 2004 నుంచి 2014 దాకా నడిపి, 2015లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వేశారు. మీ నాన్న గారి లాంటి వాళ్లే, నోటి కాన్సర్ చిన్న స్టేజి, మెడలో ఏమీ తగలని వాళ్లు. లాటరీ తీసినట్టు రెండు గ్రూపులు చేసి 245 మందికి మొదటిసారే మెడ నోడ్లు కూడా తీశారు, 255 మందికి నోరు మాత్రం చేసి, మెడలో వస్తే అప్పుడు తీశారు, అంటే అచ్చం మీ పెదనాన్న గారి ప్లానే. మూడేళ్లకి బతికున్నవాళ్లు ముందే తీసిన గ్రూపులో 80 శాతం, ఆగిన గ్రూపులో 67.5 శాతం. జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు ముందే తీసిన గ్రూపులో 69.5 శాతం, ఆగిన గ్రూపులో 45.9 శాతమే. ఇంకోలా చెప్పాలంటే ఎనిమిది మందికి ముందే మెడ చేస్తే ఒక ప్రాణం దక్కినట్టు. కాన్సర్ ఆపరేషన్లలో ఇంత తేడా ఊరికే రాదు.

ఎందుకలా అంటే, స్కాన్‌లో ఏమీ లేదు అంటే స్కాన్‌కి కనపడేంత సైజులో లేదు అని మాత్రమే. ముందే తీసిన వాళ్ల నోడ్లు మైక్రోస్కోపు కింద పెడితే దగ్గర దగ్గర 30 శాతం మందిలో కాన్సర్ కణాలు దొరికాయి, వాళ్లెవరికీ చేత్తో నొక్కితే ఏమీ తగల్లేదు. ఇక ఆగి చూసినవాళ్లలో బిళ్ల బయటపడేసరికి అది నోడ్ గోడ దాటి చుట్టూ కండలోకి పాకిపోయి ఉండటం ఎక్కువగా కనిపించింది. "వస్తే అప్పుడు కొయ్యొచ్చు" అనే లెక్క అక్కడే తప్పుతోంది, అప్పుడు కోసేది ఇదే ఆపరేషన్ కాదు, ఇంతకన్నా పెద్దది, దాంతోపాటు రేడియేషన్, కీమో.

లోతు సంగతి కూడా చూడండి. 3 మిల్లీమీటర్ల కన్నా తక్కువ లోతు ఉన్నోళ్లకి మెడ చేస్తే లాభం ఉందా లేదా అన్నది ఆ స్టడీలో స్పష్టంగా తేలలేదు, అలాంటి కేసైతే నేను కూడా సర్జన్‌ని గట్టిగా అడగమనేవాణ్ణి. మీది 7. నా ఓటు ఒకేసారి చేయించడానికే.

చీపురుపల్లి_శంకర్:

డాక్టర్ గారూ మీరు చెప్పింది బాగానే ఉంది గాని ప్రైవేటోళ్లు రెండు ఆపరేషన్లు చేస్తే డబుల్ బిల్లు, అది కూడా మాట్లాడాలి కదా. ఆ 30 శాతం లెక్క ప్రకారమే చూస్తే మిగతా 70 మందికి అనవసరంగా మెడ కోసినట్టే కదండీ? మా మావయ్యకి ఇదే ఆపరేషన్ అయ్యాక కుడి చెయ్యి పైకి లేవట్లేదు, చొక్కా తొడుక్కోవాలంటే అత్తే సాయం రావాలి. వాళ్ల బాధ ఎవరికి లెక్క. ఒకటే నోడ్ తీసి చూసే పద్ధతి ఏదో ఉందని విన్నాను, అది ఎందుకు చెయ్యరు ఇక్కడ?

ఈఎన్‌టీ_పీజీ:

శంకర్ గారూ, మీ పాయింటు న్యాయమైనదే, 70 మందికి ఆ నోడ్లలో ఏమీ ఉండదు. ఎవరు ఆ 30, ఎవరు ఆ 70 అని ముందే తెలుసుకునే మార్గం కోసమే ఇప్పుడు రీసెర్చ్ అంతా. మీరు విన్నది సెంటినెల్ నోడ్ బయాప్సీ. పుండు చుట్టూ కొంచెం రేడియోయాక్టివ్ మందు ఇంజెక్ట్ చేస్తే అది ముందుగా ఏ నోడ్‌కి పోతుందో రేడియేషన్‌ని పసిగట్టే గామా ప్రోబ్‌తో పట్టుకుని, ఆ ఒకటి రెండు నోడ్లే తీసి చూస్తారు, అందులో లేకపోతే మిగతా మెడ జోలికి పోరు. ఫ్రాన్స్‌లో 2020లో, జపాన్‌లో 2021లో రెండు పెద్ద ట్రయల్స్ వచ్చాయి, నోడ్లన్నీ తీసిన వాళ్లతో సమానంగానే బతికారు, భుజం ఇబ్బంది తక్కువ. కాకపోతే న్యూక్లియర్ మెడిసిన్ ఉండాలి, ఆ నోడ్‌ని సన్నటి పొరలుగా కోసి ఓపిగ్గా చూసే పాథాలజిస్టు ఉండాలి, పాజిటివ్ వస్తే మళ్లీ థియేటర్‌కి తీసుకెళ్లాలి. ఇన్ని కుదిరే చోటు తక్కువ. అది సరిగ్గా చేసే చోటు ఉంటే మంచిదే, లేనిచోట సగం సగం చేయించుకోవడం కన్నా మెడ నోడ్లు తీసేసే మామూలు ఆపరేషన్ (నెక్ డిసెక్షన్) నయం.

భుజం గురించి, మావయ్య గారికి చెయ్యి పైకెత్తడానికి సాయపడే యాక్సెసరీ నరం మీద దెబ్బ పడి ఉండొచ్చు లేదా జబ్బు అక్కడిదాకా వచ్చి తీయాల్సి వచ్చి ఉండొచ్చు. మెడలో ఏమీ లేనప్పుడు చేసేది పైన మూడు లెవెల్స్ (మెడ నోడ్లని పై నుంచి కిందికి భాగాలుగా లెక్కేస్తారు) వరకే, ఆ నరాన్ని కాపాడే చేస్తారు. అయినా కొన్నాళ్లు భుజం బరువుగా ఉంటుంది, పెదవి ఒక మూల కొంచెం జారినట్టు కూడా ఉండొచ్చు, చాలామందికి సర్దుకుంటుంది. ఏమీ కాదు అని నేను అనను. ఆ టాటా స్టడీలోనే ఇబ్బందులు ముందే తీసిన గ్రూపులో 6.6 శాతం, ఆగిన గ్రూపులో 3.6 శాతం అని రాసారు.

బొబ్బిలి_లక్ష్మి:

బాబూ పొందూరు, మా ఆయనకి ఇదే అయింది, నాలుక, ఎడమ పక్క, మెడతో కలిపే చేశారు. స్టడీలు నాకు తెలీదు గాని ఇంట్లో ఎలగుంటాదో చెప్తాను. ఆపరేషన్ అయ్యాక మెడ పక్కన సన్నటి గొట్టం, దానికో డబ్బా, అందులో ఎర్రనీళ్లు దిగుతాయి, చూసి కంగారు పడకండి, తగ్గాక తీసేస్తారు. ముక్కులోంచి పైపు వేసి పాలు, రాగిజావ, పప్పుకట్టు వడకట్టి సిరంజితో పోయమంటారు, పోసిన ప్రతిసారీ ఆఖర్న మంచినీళ్లు పోయండి, లేపోతే పైపు బిగుసుకుపోద్ది. మాట ముద్దముద్దగా వస్తాది. ఈయనకి ల, ర పలకడం శానా రోజులు పట్టింది, స్పీచ్ థెరపీ వాళ్లు చెప్పినట్టు రోజూ పేపర్ పైకి చదివించాను, ఇప్పుడు ఫోన్లో మాట్లాడితే కొత్తవాళ్లకి తెలియదు కూడా. భుజానికి ఫిజియో వాళ్లు గోడ మీద వేళ్లతో పాకించే ఎక్సర్‌సైజు ఇస్తారు, నొప్పి అని ఒగ్గేస్తే చెయ్యి బిగిసిపోద్ది, శంకర్ గారి మావయ్య కూడా ఇప్పుడైనా ఒకసారి ఫిజియోకి చూపించుకుంటే మంచిది.

మా ఆయనకి నోడ్లలో రెండింట్లో ఉందని రిపోర్టు వచ్చింది. చేత్తో ఏమీ తగల్లేదు ముందు. మీ పెదనాన్న గారికి ఈ ఒక్క మాట చదివి వినిపించండి.

డబ్బు సంగతికి ఎన్టీఆర్ వైద్య సేవలో కాన్సర్ సర్జరీలు ఉన్నాయి, కార్డు, ఆధారు తీసుకెళ్లి ఆసుపత్రిలో ఆ పథకం డెస్కు దగ్గర ముందే అడగండి. విశాఖలో అగనంపూడి దగ్గర హోమీ బాబా ఉంది కదా, అది ఆ టాటా వాళ్లదే, రెండో ఒపీనియన్ కావాలంటే అక్కడికి వెళ్లొచ్చు, ముక్క పరీక్ష స్లైడ్లు, బ్లాకు కూడా వెంట పట్టుకెళ్లండి, ఒట్టి కాగితం తీసుకెళ్తే మళ్లీ తిప్పుతారు.

పొందూరు_కుర్రోడు:

థాంక్స్ అక్కా, థాంక్స్ డాక్టర్ గారూ. ఆ ఇంజెక్షన్ గురించి కూడా చెప్పండి, బావ రోజూ అదే పట్టుకున్నాడు.

ఈఎన్‌టీ_పీజీ:

ఆ మెసేజ్‌లో సగం నిజం ఉంది కాబట్టే జనం నమ్ముతారు. పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు (ఒంట్లో రోగనిరోధక శక్తినే కాన్సర్ మీదకి ఉసిగొల్పేది), కీనోట్ 689 అనే ట్రయల్, 714 మంది, 2025లో వచ్చింది. ఆపరేషన్‌కి ముందు రెండు డోసులు, తర్వాత రేడియేషన్‌తో, ఆ తర్వాత కూడా ఇచ్చారు. మూడేళ్లకి జబ్బు ముదరకుండా, తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు 57.6 శాతం, మందు ఇవ్వని వాళ్లలో 46.4. అమెరికాలో అదే ఏడు జూన్‌లో అనుమతి ఇచ్చారు. కానీ గమనించండి, ఆ ట్రయల్ ప్లానులో రెండు గ్రూపులకీ ఆపరేషన్ ఉంది! ఆపరేషన్ బదులు కాదు, ఆపరేషన్‌తో పాటు. అదీ మూడో స్టేజి, నాలుగో స్టేజిలో ఆపరేషన్‌కి వీలున్న వాళ్లకి. నాన్న గారిది రెండో స్టేజి, ఆయనకి దాంతో పనే లేదు ఇప్పుడు. ఖరీదు లక్షల్లో.

మనలాంటి వాళ్లకి నాకు ఎక్కువ ఆశ కలిగించేది వేరే స్టడీ, అది కూడా టాటా వాళ్లదే, 2023. నివోలుమాబ్ అనే ఇలాంటి మందే, మామూలుగా 240 మిల్లీగ్రాములు రెండు వారాలకోసారి ఇస్తారు, వీళ్లు 20 మిల్లీగ్రాములు మూడు వారాలకోసారి ఇచ్చి చూశారు, నోటితో వేసుకునే చవక కీమో మాత్రలతో కలిపి. ఆపరేషన్‌కి అందని, తిరగబెట్టిన కేసులు అవి. ఏడాదికి బతికున్నవాళ్లు మాత్రలొక్కటే వాడితే 16.3 శాతం, ఈ కొంచెం మందు కలిపితే 43.4. మందుల కంపెనీకి ఇలాంటి స్టడీ చేసే అవసరం ఏముంటుంది చెప్పండి, తక్కువ మందు చాలని చెప్పడానికి! అది మళ్లీ మీ కేసు కాదు, బావకి మాత్రం పంపండి.

పాలకొండ_రిటైర్డ్:

నేను హెల్త్ డిపార్ట్‌మెంట్‌లో చేసి రిటైరయ్యాను. మగవాళ్ల ఖైనీ గురించి అందరూ మాట్లాడుతున్నారు, మన సిక్కోలు పల్లెల్లో ఆడవాళ్ల అడ్డపొగ సంగతి ఎవరూ ఎత్తలేదే. నిప్పు వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం, ఆ వేడి, పొగ రెండూ అంగిలికి తగిలి అక్కడ తెల్లగా మందం కట్టి మధ్యలో ఎర్రటి చుక్కలు వస్తాయి. దీని మీద మన జిల్లాలోనే పెద్ద సర్వే జరిగింది, పిండ్‌బోర్గ్ అనే డెన్మార్క్ ఆయన, టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వాళ్లు కలిసి 10,169 మంది పల్లె జనం నోళ్లు చూశారు, 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ కాన్సర్‌లో వచ్చింది. తర్వాత శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావ్‌నగర్ మూడు జిల్లాల్లో 36 వేల మంది పొగాకు వాడేవాళ్ల మీద ఇంకో స్టడీ చేశారు, అందులో మందూ మాకూ ఏమీ లేవు, వెళ్లి నోరు చూసి మానమని మళ్లీ మళ్లీ చెప్పడమే. అది 1986లో లాన్సెట్‌లో వేశారు. చెప్తే మానతారు అని అందులో తేలింది. ఇప్పుడు కాల్చేవాళ్లు తగ్గారు గాని పెద్దవయసు ఆడవాళ్లు ఇంకా ఉన్నారు, నొప్పి ఉండదు కాబట్టి చెప్పరు. కట్టుడు పళ్లు ఉంటే అవి తీయించి టార్చి వేసి అంగిలి చూడండి. పొందూరు బాబూ, మీ నానమ్మ ఉంటే ఆవిడ నోరు కూడా ఒకసారి చూడు.

పొందూరు_కుర్రోడు:

నానమ్మ లేదు సార్, పెద్దమ్మ కాలుస్తాది ఇప్పటికీ, పెదనాన్న ఎదురుగా కూడా. చూస్తాను.

పెదనాన్నకి లక్ష్మి అక్క మెసేజ్ చదివి వినిపించాను. ఏమీ అనలేదు కాసేపు, తర్వాత "ఆ రెండు బిళ్లలు చేతికి తగల్లేదని నిజంగా రాసిందేటి" అని మళ్లీ అడిగారు. సోమవారం సర్జన్ దగ్గరికి తనూ వస్తాను అన్నారు. అక్కడ ఏమేం అడగాలో చెప్పండి ఎవరైనా.

ఈఎన్‌టీ_పీజీ:

రావడమే మంచిది. ఏయే లెవెల్స్ నోడ్లు తీస్తారు, నాలుక అంచు సరిపోయిందో లేదో ఆపరేషన్ టేబుల్ మీదే ముక్కని అప్పటికప్పుడే గడ్డకట్టించి చూసే ఫ్రోజెన్ సెక్షన్‌తో చూస్తారా, తీసిన చోట కుట్టేస్తారా లేక చేతి దగ్గర్నుంచి చర్మం తెచ్చి వేస్తారా, ఇవి అడగండి. రిపోర్టులో నోడ్లలో ఏమైనా వస్తే రేడియేషన్ ఆరు వారాల లోపు మొదలవ్వాలి, దానికి డేటు ఎవరు చూస్తారో కూడా. పుచ్చిపోయిన పళ్లుంటే రేడియేషన్‌కి ముందే తీయించాలి, అందుకని డెంటిస్టుకి ఇప్పుడే చూపించేయండి. షుగర్ ఉందా నాన్న గారికి?

పొందూరు_కుర్రోడు:

ఉంది సార్, బోర్డర్‌లో. మాత్ర వేసుకుంటారు ఒకటి.

ఈఎన్‌టీ_పీజీ:

అయితే హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు చూపే రక్త పరీక్ష) చేయించి ఆ రిపోర్టు కూడా పట్టుకెళ్లండి. ఖైనీ డబ్బా ఇవాళే జేబులోంచి తీసేయించండి, సోమవారం దాకా ఆగొద్దు.