అప్‌డేట్: బయోస్ అప్‌డేట్‌తో పడుకున్న పీసీ లేచింది

మొన్న అడిగాను కదా, బయోస్ (పీసీని మొదట లేపే, మదర్‌బోర్డులోని ప్రోగ్రామ్) అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయింది, ఫ్యాన్లు తిరుగుతున్నాయి గానీ స్క్రీన్ మీద ఏమీ రావట్లేదని. మదర్‌బోర్డు మీదుండే గుండ్రటి సెల్ పీకి మళ్లీ పెట్టమన్నారు చాలామంది. ఆ సీఆర్2032 సెల్ తీసి అరగంట ఆగాను, లాభం లేదు. దాంతో సెట్టింగులు పోతాయంతే, పాడైన ఫర్మ్‌వేర్ (అంటే ఆ బయోసే) ఎలా బాగవుతుంది?

పనిచేసింది బోర్డు వెనకున్న ఫ్లాష్‌బ్యాక్ బటన్, పీసీ లేవకపోయినా పెన్‌డ్రైవ్ నుంచి బయోస్ ఎక్కించేది. అదీ మూడోసారికి. మొదట పెన్‌డ్రైవ్ ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌లో ఉంది, ఫ్యాట్32 చేశాను. తర్వాత ఫైల్ పేరు మాన్యువల్‌లో చెప్పినట్టే మార్చాననుకున్నా. విండోస్ ఎక్స్‌టెన్షన్ (ఫైల్ పేరులో చుక్క తర్వాతి ముక్క) దాచేయడంతో అది చివర్లో రెండుసార్లు పడిందని చూసుకోలేదు! సరిచేసి, గుర్తు వేసి ఉన్న యూఎస్‌బీ పోర్టులోనే పెట్టి నొక్కితే, లైటు ఆరు నిమిషాలు మినుకుమినుకుమంటూనే ఉంది. అంతసేపూ ఇన్వర్టర్ వంకే చూస్తూ కూర్చున్నా.

లోగో వచ్చింది, విండోస్ రాలేదు. బూట్ డివైస్ లేదంది. సెట్టింగులన్నీ మొదటికొచ్చి సీఎస్‌ఎం (పాత పద్ధతిలో బూట్ అవ్వనిచ్చే సెట్టింగు) ఆఫ్ అయింది, నాదేమో పాత ఎంబీఆర్ పద్ధతి డిస్క్. ఆన్ చేశాక లేచింది. డేటా కాపీ అవుతోంది, ఆదివారం డిస్క్‌ని కొత్త పద్ధతి జీపీటీకి మారుస్తా.

అన్నట్టు, షాపతను బోర్డే మార్చాలన్నాడు.