ఐదో జార్జి ఒక అణా స్టాంపు: మామూలు కార్మైనా, అనిలిన్ కార్మైనా?

పాతబిళ్ళలు:
1911 నుంచి వచ్చిన ఐదో జార్జి ఎర్ర అణా స్టాంపులు ఒక కట్ట ఉన్నాయి, అన్నీ వాడినవే. స్టాన్లీ గిబ్బన్స్ స్టాంపుల కేటలాగులో రోజ్ కార్మైన్, కార్మైన్ (ముదురు ఎరుపు), అనిలిన్ కార్మైన్ (అనిలిన్ అనే కృత్రిమ రంగుతో చేసిన ఎరుపు) అని విడివిడిగా ఇచ్చారు. ట్యూబులైటు కింద మూడు రంగులు కనిపిస్తున్నాయి, కిటికీ దగ్గర రెండే. ఏది నమ్మాలి? వెనక గులాబీ మరక ఉంటే అనిలిన్ అనుకోవచ్చా? కాగితంలోని వాటర్‌మార్కు గుర్తుతో ఏమైనా తేలుతుందా?

కోఠి_ఫిలాటెలీ:
కిటికీనే నమ్మండి. ఒక దీపం కింద ఒకేలా ఉన్న రెండు సిరాలు మరో దీపం కింద వేరుగా కనిపించడం మామూలే. ఉత్తరపు కిటికీ, పగలు పది నుంచి మూడు మధ్య, నేరుగా ఎండ పడకూడదు. రాత్రి చూడక తప్పకపోతే 5000 కెల్విన్‌కు పైన (పగటి వెలుగులా తెల్లగా), సీఆర్ఐ 95 (రంగులను ఎంత నిజంగా చూపుతుందో చెప్పే కొలత) ఉన్న ఎల్ఈడీ తీసుకోండి. బల్ల మీద రంగు గుడ్డ ఉంటే తీసేయండి, దాని ఛాయ స్టాంపు మీద పడుతుంది.

బూడిద రంగు అట్టకు పక్కపక్కనే 4 మి.మీ. రంధ్రాలు రెండు చేయండి. ఒకదాని కింద షేడ్ ఖాయంగా తెలిసిన స్టాంపు, రెండోదాని కింద మీది. తెల్ల అంచు గానీ నల్ల ముద్ర గానీ రంధ్రంలో కనబడకూడదు, అవి కంటిని మోసం చేస్తాయి. సిరా నిండుగా పడ్డ చోటే పోల్చండి. సన్నగీతలున్న చోట కాగితపు తెలుపు కలిసి రంగు లేతగా తోస్తుంది.

ముందు చూడాల్సింది ఎరుపు నీలం వైపు మొగ్గిందా, పసుపు వైపా అన్నది. ముదురు, లేత సంగతి ఆ తర్వాతే. ఒకే సిరా పలుచగా పడితే లేతగా ఉంటుంది, దాన్ని వేరే షేడ్ అనకూడదు. ఎక్కువ మంది తప్పేది ఇక్కడే.

వాటర్‌మార్కు మీకు పనికిరాదు. ఎర్ర అణాలన్నిటికీ ఒంటి నక్షత్రమే. నాసిక్ ముద్రణాలయంలో 1926 నుంచి బహు నక్షత్రాల వాటర్‌మార్కు వచ్చేసరికి అణా స్టాంపు చాక్లెట్ రంగులో ఉంది.

ఓరుగల్లు_తపాలా:
మరక ఒక్కటే చాలదండీ. రంగు కవరు ముక్కతో కలిపి నానబెట్టినా వెనక గులాబీ అంటుతుంది, కానీ అది పళ్ళ అంచుల దాకా పాకుతుంది. అనిలిన్ సిరా కాగితంలోకి ఇంకితే వెనక బొమ్మ ఆకారమే లీలగా కనిపిస్తుంది. తర్వాత చీకట్లో 365 నానోమీటర్ల యూవీ టార్చి వేయండి. అనిలిన్ సిరాలు సాధారణంగా మెరుస్తాయి, మామూలువి మెరవకుండా ఉండిపోతాయి. కాగితమే నీలి తెలుపులో వెలిగితే ఎవరో డిటర్జెంటు నీళ్ళలో కడిగారన్నమాట. ఆ కాలపు కాగితంలో ఆ మెరుపు ఉండదు. అలాంటిదాన్ని ఏ షేడ్‌లోనూ వేయకండి.

పాతబిళ్ళలు:
అన్నిటినీ స్కాన్ చేసి పెడితే చెప్పగలరా?

కోఠి_ఫిలాటెలీ:
ఆటో కరెక్షన్ ఆపేసి, షేడ్ తెలిసిన స్టాంపును కూడా చేర్చి, అన్నీ ఒకే స్కాన్‌లో పెట్టండి. వేర్వేరు స్కాన్‌ల మధ్య పోలిక చెల్లదు, ఫోను ఫొటో అసలే వద్దు. స్కాన్‌లో ఏవి ఒక గుంపో తెలుస్తుంది గానీ పేరు పెట్టడం మాత్రం స్టాంపు చేతిలో ఉంటేనే. తపాలా ముద్రలో బెజవాడ 1913 లాంటి తేదీ స్పష్టంగా ఉన్నవి విడిగా తీసి సంవత్సరాల వరుసలో పేర్చండి. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ అద్దకపు రంగులు బ్రిటన్‌కు రావడం ఆగిపోయింది, ఈ స్టాంపులు అచ్చయింది లండన్‌లో. కాబట్టి 1914కు ముందు తేదీలున్నవీ తర్వాతవీ పక్కపక్కన పెట్టి చూడండి. ఎండకు వెలిసినవి, గోధుమ రంగుకు తిరిగినవి ఈ వరుసలో కలపొద్దు.