ఒకే చుక్కగా కలిసిపోయిన బంగారు నానోరాడ్లను అనలైజర్‌తో విడదీయడం ఎలా?

అందరికీ నమస్కారం. డార్క్ ఫీల్డ్‌లో (నేరు వెలుగును ఆపి, వస్తువు చెదరగొట్టిన కాంతినే చూపే మైక్రోస్కోపు పద్ధతి) గాజు మీద అంటిన బంగారు నానోరాడ్లను చూస్తున్నాం. పొడవు వెడల్పుకు సుమారు 2.5 రెట్లు, 650 నానోమీటర్ల దగ్గర బాగా మెరుస్తాయి. నమూనాపై వెలుగు వేసే ఆయిల్ కండెన్సర్ ఎన్ఏ (కాంతి కోణం ఎంత వెడల్పో చెప్పే సంఖ్య) 1.2–1.4. ఆబ్జెక్టివ్ ఐరిస్ 1.1కి మూశాం, 1.2 దాటితే వెలుగు నేరుగా దూరి నేపథ్యమంతా తెల్లబడుతుంది. ఈ లెక్కన 300 నానోమీటర్ల లోపు ఉన్న జంట ఒకే చుక్క.

రాడ్లు ఆరి వెలగవు కాబట్టి ఒక్కోదాన్ని విడిగా పట్టుకోలేం. కానీ ప్రతి రాడ్ తన పొడవు దిశలో ధ్రువితమైన కాంతినే ఎక్కువగా చెదరగొడుతుంది. అందుకే కెమెరా ముందు అనలైజర్‌ను (ఒక దిశ కాంతినే వదిలే పోలరైజర్) 10 డిగ్రీల చొప్పున 180 వరకు తిప్పి, ప్రతి ఫ్రేములో చుక్క కేంద్రాన్ని గాస్సియన్ ఫిట్‌తో (చుక్క వెలుగుకు గంట ఆకారపు వక్రాన్ని సరిపెట్టి) తీస్తున్నాం. రెండు రాడ్ల దిశలు వేరైతే కేంద్రం ఒకదాని నుంచి రెండోదానివైపు జరగాలి. జరుగుతోంది కూడా. కానీ అనలైజర్ గాజు రెండు ముఖాలూ సమాంతరంగా లేకపోవడంతో బొమ్మ మొత్తం గుండ్రంగా కదులుతోంది, అసలు జరుగుడు అందులో కలిసిపోతోంది.

ఈ బొమ్మ కదలికను కొలిచి తీసేయడానికి గురుతులుగా 80 నానోమీటర్ల బంగారు గోళాలు కలిపితే సరిపోతుందా? ఆకుపచ్చ చుక్కలనే తీసుకోవాలి. నారింజ రంగువి అతుక్కున్న జంటలు, అవీ రాడ్లలాగే ప్రవర్తిస్తాయి. లేక పోలరైజర్‌ను కండెన్సర్ వైపు పెట్టి తిప్పడం మేలా? అంత ఏటవాలు కాంతిలో విద్యుత్ క్షేత్రపు నిలువు అంశం కలిసి కాంట్రాస్ట్ పడిపోతుందని మా సందేహం. రెండూ చేసి చూసినవాళ్లు ఏది నిలబడిందో దయచేసి చెప్పండి.