ముగ్గురు పనిచేసే వెబ్‌సైట్‌ని ఎఫ్‌టీపీ నుంచి గిట్‌కి ఎలా మార్చాలి?

ఖాళీ_డివ్:
అందరికీ నమస్తే. ముగ్గురం కలిసి ఒక వర్డ్‌ప్రెస్ సైట్ చూసుకుంటాం, థీమ్ మేం సొంతంగా రాసుకున్నదే. ఎవరికి కావాల్సిన ఫైల్ వాళ్లు ఫైల్‌జిల్లా అనే ఎఫ్‌టీపీ యాప్‌తో సర్వర్ నుంచి దించుకోవడం, మార్చడం, మళ్లీ ఎక్కించడం, ఇదీ ఇప్పటిదాకా మా పద్ధతి. మొన్న నేను ఫంక్షన్స్ ఫైల్లో కాంటాక్ట్ ఫారం కోడ్ సరిచేసి ఎక్కించాను. అదే ఫైల్‌ని పొద్దున్నే దించి పెట్టుకున్న ఇంకొకతను సాయంత్రం తన మార్పుతో ఎక్కించేసరికి నాది కాస్తా గల్లంతు. ఫారం పనిచేయట్లేదని ఎవరో చెబితే గానీ తెలియలేదు. సర్వర్లో చూస్తే స్టైల్-పాతది, స్టైల్-కొత్తది, స్టైల్-ఫైనల్, స్టైల్-ఫైనల్-2 అని ఫైళ్లు, ఏది నడుస్తోందో ఏది చెత్తో అర్థం కాదు.

ఫైళ్లలో ప్రతి మార్పునీ గుర్తుపెట్టుకునే గిట్ కమాండ్లు కొంచెం తెలుసు, కానీ ఇప్పటికే నడుస్తున్న సైట్‌కి ఎక్కడినుంచి మొదలుపెట్టాలి? డేటాబేస్, ఫొటోలు కూడా గిట్‌లో పెట్టాలా? పుష్ చేస్తే (అంటే మార్పులు పైకి పంపితే) లైవ్ సైట్ దానంతటదే మారిపోతుందా?

పాత_సర్వర్:
ముందు ఒక మాట, మీ ముగ్గురి లాప్‌టాప్‌లలో ఉన్న కాపీలను నమ్మకండి. ఇప్పుడు లైవ్‌లో ఏది నడుస్తోందో అదే అసలైనది. థీమ్ ఫోల్డర్ మొత్తం సర్వర్ నుంచి దించుకుని, ఆ దించుకున్న ఫోల్డర్లోనే గిట్ ఇనిట్ కమాండ్‌తో గిట్‌ని మొదలుపెట్టి, ఆ చెత్త ఫైళ్లతో సహా ఉన్నదున్నట్టు మొదటి కమిట్ (ఆ క్షణంలో ఉన్న ఫైళ్ల రికార్డు) చేసేయండి. శుభ్రం చేయడం రెండో కమిట్ పని. అప్పుడు స్టైల్-పాతది తీసేసినా భయం లేదు, కావాలంటే హిస్టరీలో ఉంటుంది.

మీరు రాసిన కోడ్ అంతా గిట్‌లోకి వెళ్లాలి, అంటే థీమ్, సొంత ప్లగిన్లు ఉంటే అవి. అప్‌లోడ్స్ ఫోల్డర్, క్యాష్, నోడ్ మాడ్యూల్స్, పాస్‌వర్డ్ ఉండే డబ్ల్యూపీ-కాన్ఫిగ్ ఫైల్ వెళ్లకూడదు. వీటి పేర్లు మొదటి కమిట్‌కి ముందే గిట్‌ఇగ్నోర్‌లో (గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితాలో) రాయండి, ఎందుకంటే ఒకసారి కమిట్ అయిన ఫైల్‌ని తర్వాత ఇగ్నోర్‌లో చేర్చినా గిట్ దాన్ని వదలదు. థీమ్‌లో వాడే లోగో, ఐకాన్లు ఉండొచ్చు. పెద్ద ఫొటోలు, వీడియోలు మాత్రం వద్దు. మార్చిన ప్రతిసారీ కొత్త కాపీ హిస్టరీలో చేరి రిపో (కోడ్, హిస్టరీ కలిపి గిట్ దాచే చోటు) ఉబ్బిపోతుంది, పైగా 100 ఎంబీ దాటిన ఫైల్‌ని, రిపోలను ఆన్‌లైన్లో దాచే గిట్‌హబ్ అసలు తీసుకోదు.

డేటాబేస్ జోలికి పోకండి. కోడ్ మీ దగ్గరనుంచి లైవ్‌కి వెళ్లాలి, కంటెంట్ లైవ్ నుంచి మీ దగ్గరకు రావాలి. ఈ రెండు దారులు కలిపేస్తే, ఎవరో రాసిన కొత్త పోస్టుల మీద మీ పాత డేటాబేస్ ఎక్కి కూర్చుంటుంది. లోకల్‌లో టెస్ట్ చేయడానికి లైవ్ డేటాబేస్ కాపీ (డంప్) తెచ్చుకుంటే అందులో సైట్ చిరునామా మార్చడానికి వర్డ్‌ప్రెస్ కమాండ్ టూల్ డబ్ల్యూపీ-సీఎల్ఐలో సెర్చ్-రిప్లేస్ వాడండి. ఆ డంప్ ఎస్‌క్యూఎల్ ఫైల్లో నోట్‌ప్యాడ్‌తో ఫైండ్-రిప్లేస్ కొడితే చాలా సెట్టింగులు పాడవుతాయి, ఎందుకంటే వర్డ్‌ప్రెస్ కొన్ని విలువలను వాటి పొడవుతో సహా దాచుకుంటుంది, చిరునామా పొడవు మారితే లెక్క తప్పుతుంది.

పుష్_తర్వాత_పుల్:
పైన చెప్పినదంతా కరెక్టే. మూడో ప్రశ్న మిగిలింది కాబట్టి అది నేను చెబుతా.

పుష్ వేరు, డిప్లాయ్ (కోడ్‌ని లైవ్ సైట్‌కి ఎక్కించడం) వేరు. గిట్‌హబ్‌కి పుష్ చేస్తే కోడ్ అక్కడికి చేరుతుంది, అంతే, లైవ్ సైట్‌కి ఏమీ తెలియదు. సర్వర్‌కి ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచే కమాండ్లు నడిపే దారి) ఉంటే వెబ్ ఫోల్డర్ బయట ఒక బేర్ రిపో (ఫైళ్లు విడిగా కనిపించకుండా హిస్టరీ మాత్రమే ఉండే రిపో) పెట్టి, దాని హుక్స్ ఫోల్డర్లో పోస్ట్-రిసీవ్ అనే చిన్న స్క్రిప్ట్ రాసుకోండి. దానికి పుష్ చేసినప్పుడల్లా ఆ స్క్రిప్ట్ కొత్త కోడ్‌ని థీమ్ ఫోల్డర్లోకి చెకౌట్ చేస్తుంది. షేర్డ్ హోస్టింగ్ అయితే హోస్టింగ్ కంట్రోల్ ప్యానెల్ సీపానెల్‌లో గిట్ వెర్షన్ కంట్రోల్ అనే ఆప్షన్ ఉందేమో చూడండి. అదీ లేకపోతే గిట్‌హబ్ యాక్షన్స్ (పనులు ఆటోమేటిక్‌గా నడిపే సదుపాయం) పెట్టి, మెయిన్ బ్రాంచ్ (అసలు కోడ్ ఉండే శాఖ) మారినప్పుడు ఎఫ్‌టీపీ ద్వారానే ఎక్కేలా చేయొచ్చు. ఎక్కించేది మనిషి కాకుండా యంత్రం అవుతుంది, అదే తేడా.

సర్వర్లో నేరుగా గిట్ క్లోన్ (రిపో మొత్తం కాపీ) చేసేవాళ్లు చాలామంది మరిచిపోయే సంగతి ఒకటుంది. క్లోన్ చేసిన చోట చుక్కతో మొదలయ్యే గిట్ ఫోల్డర్ కూడా వస్తుంది. అది వెబ్ ఫోల్డర్లో ఉంటే, బ్రౌజర్లో ఆ ఫోల్డర్‌లోని కాన్ఫిగ్ ఫైల్ చిరునామా కొట్టి చూడండి. తెరుచుకుంటే మీ సోర్స్ కోడ్ మొత్తం, హిస్టరీతో సహా, ఎవరైనా దించుకోవచ్చు. వెంటనే బ్లాక్ చేయండి.

ఖాళీ_డివ్:
చాలా థ్యాంక్స్ ఇద్దరికీ. అయితే మాకు జరిగినట్టు ఒకే ఫైల్ ఇద్దరు మారిస్తే గిట్ ఏం చేస్తుంది? బ్రాంచ్‌లు ఎన్ని పెట్టుకోవాలి? గిట్‌ఫ్లో అనే బ్రాంచ్‌ల పద్ధతి గురించి చదివితే డెవలప్, రిలీజ్, హాట్‌ఫిక్స్ అని చాలా ఉన్నాయి, చూస్తేనే టెన్షన్ వస్తోంది.

మెర్జ్_మాస్టారు:
ముగ్గురికి గిట్‌ఫ్లో ఎందుకండీ. దాన్ని 2010లో రాసిన విన్సెంట్ డ్రీసెనే 2020లో ఆ వ్యాసం పైన ఒక గమనిక పెట్టాడు, ఎప్పటికప్పుడు డిప్లాయ్ చేసే వెబ్ యాప్‌లకైతే ఇంతకన్నా తేలికైన పద్ధతి చూసుకోమని. ఒక మెయిన్, దాని నుంచి ఏ పనికి ఆ పనికి చిన్న బ్రాంచ్, పని అయ్యాక మెయిన్‌లో కలిపి (మెర్జ్ చేసి) బ్రాంచ్ తీసేయడం. వారాల తరబడి బతికే బ్రాంచ్‌లు పెట్టుకుంటేనే మెర్జ్ నరకం.

ఇక మీ కేసు. రెండో అతను పుష్ చేయబోతే గిట్ ఒప్పుకోదు, ముందు పుల్ చేయమంటుంది, అంటే పైనున్న కొత్త మార్పులు తెచ్చుకోమంటుంది. ఇద్దరూ ఫైల్లో వేర్వేరు చోట్ల మార్చి ఉంటే దానంతటదే కలిపేస్తుంది. ఒకే లైన్ మార్చి ఉంటే కాన్‌ఫ్లిక్ట్ అని ఆగి, ఆ ఫైల్లో ఏడేసి బాణం గుర్తుల మధ్య ఇద్దరి కోడూ ఒకదాని కింద ఒకటి పెట్టి చూపిస్తుంది, ఏది ఉంచాలో మీరు తేల్చాలి. మీ ఫారం కోడ్ చెప్పాపెట్టకుండా మాయమవడం మాత్రం జరగదు, ఎవరైనా ఫోర్స్ పుష్ కొడితే (పైనున్నదాని మీద తమది బలవంతంగా ఎక్కిస్తే) తప్ప. మెయిన్ మీద ఫోర్స్ పుష్ కుదరకుండా సెట్టింగ్స్‌లో ఆపేయండి. లైవ్‌లో ఏదైనా తేడా కొడితే గిట్ రివర్ట్ వాడండి, రీసెట్ హార్డ్ వద్దు. రివర్ట్ పాత కమిట్‌ని తుడిచేయదు, దాన్ని రద్దు చేసే కొత్త కమిట్ వేస్తుంది, మిగతావాళ్ల కాపీలకు ఇబ్బంది రాదు.

కమిట్ మెసేజ్ దగ్గర బద్ధకించకండి. 'మార్పులు' అని రాస్తే ఆరు నెలల తర్వాత మీకే అర్థం కాదు. 'ఫోన్ నంబర్ ఖాళీగా వదిలితే ఫారంలో వచ్చే ఎర్రర్ సరిచేశాను' అని రాస్తే వెతకక్కర్లేదు.

ఇంకోటి, విండోస్‌లో పనిచేసేవాళ్లుంటే ఫైల్ పేర్లన్నీ చిన్న అక్షరాల్లోనే పెట్టుకోండి. లోగో ఫైల్ పేరులో ఒక్క పెద్ద అక్షరం తేడా ఉన్నా విండోస్‌లో బొమ్మ కనిపిస్తుంది, లైనక్స్ సర్వర్లో మాత్రం 404. కేవలం అక్షరం సైజు మారిస్తే గిట్ ఆ మార్పుని గుర్తించకపోవచ్చు కూడా, పేరు మార్చడానికి గిట్ ఎంవీ కమాండ్ వాడండి.

ఖాళీ_డివ్:
చివరగా ఒకటి. పొరపాటున పాస్‌వర్డ్ ఉన్న ఫైల్ ఎవరైనా కమిట్ చేసి పుష్ చేస్తే, తర్వాతి కమిట్‌లో ఆ ఫైల్ తీసేస్తే సరిపోతుందా?

పాత_సర్వర్:
సరిపోదు, పాత కమిట్‌లో అలాగే ఉంటుంది. ముందు పాస్‌వర్డ్ మార్చేయండి, హిస్టరీ సంగతి తర్వాత, పాత కమిట్‌ల నుంచి కూడా ఫైళ్లు తీసేసే గిట్ ఫిల్టర్-రిపో టూల్‌తో తీరిగ్గా చూసుకోవచ్చు. అలాగే గిట్ పెట్టాక కూడా ఎవరో ఒకరు అలవాటు కొద్దీ లైవ్‌లోనే ఫైల్ మార్చేస్తారు, తర్వాతి డిప్లాయ్‌లో అది కొట్టుకుపోతుంది, మళ్లీ గొడవ. ఎఫ్‌టీపీ పాస్‌వర్డ్ మార్చి ఒక్కరి దగ్గరే ఉంచండి. వర్డ్‌ప్రెస్ అడ్మిన్‌లో ఉండే థీమ్ ఎడిటర్‌ని కూడా డబ్ల్యూపీ-కాన్ఫిగ్‌లో డిస్అలౌ ఫైల్ ఎడిట్ అనే లైన్‌తో మూసేయండి.