మైనస్ 20లో డీజిల్ బండి: స్టార్ట్ చేసి పది నిమిషాలు ఉంచాలా, వెంటనే కదిలించాలా?

పుట్టపర్తి చిన్నోడు:
అందరికీ నమస్కారం. జనవరి రెండో వారంలో నేను, మా బావమరిది, ఇంకో ఫ్రెండు కలిసి బెంగళూరు నుంచి నా కారులోనే స్పితి వెళ్తున్నాం. చలికాలం కుంజుం లా మూసేస్తారు కాబట్టి మనాలి వైపు కుదరదు. సిమ్లా, రాంపూర్, నాకో, తాబో మీదుగా కాజా చేరాలి. బండి బీఎస్6 డీజిల్, 2021 మోడల్, 62 వేలు తిరిగింది. కాజాలో రాత్రిళ్ళు మైనస్ 20 దాకా పోతుందంటున్నారు. వైట్‌ఫీల్డ్‌లో 14 డిగ్రీలకే స్వెట్టర్ వేసుకునే మనిషిని నేను. ఒక్కటే డౌటు: పొద్దున్నే స్టార్ట్ చేశాక ఇంజిన్ వేడెక్కేదాకా పది నిమిషాలు అలాగే ఉంచాలా, వెంటనే బయల్దేరాలా? యూట్యూబ్‌లో ఒకాయన ఒకటంటాడు, ఇంకొకాయన ఇంకోటంటాడు.

హిందూపురం ఎక్స్‌ప్రెస్:
ముందు ఆ చలిలో నువ్వు స్టార్ట్ అవుతావేమో చూసుకో అప్పా.

మాజీ ఈఎంఈ:
బాబూ, సైన్యంలో ఈఎంఈలో 17 ఏళ్ళు బళ్ళు బాగుచేశాను. అందులో రెండు చలికాలాలు ద్రాస్‌లో. మావి శక్తిమాన్ లారీలు. రాత్రి రేడియేటర్లో నీళ్ళు దించేసి, పొద్దున కాచిన నీళ్ళు పోసేవాళ్ళం. అర్ధరాత్రయినా కదలాల్సిన బళ్ళకి నీళ్ళు దించేది లేదు. వంతులు వేసుకుని రెండు గంటలకోసారి లేచి, పావుగంట ఇంజిన్ నడిపి ఆపేవాళ్ళం. స్టార్ట్ చేయగానే గేరు వేసినవాడికి ఉస్తాద్ ఏం శిక్ష వేసేవాడో ఇక్కడ రాయను, ఆడవాళ్ళు కూడా చదువుతున్నారు. నిద్రలోంచి లేపి పరుగెత్తమంటే మనిషైనా పరుగెత్తలేడు. పది నిమిషాలు తక్కువ. పదిహేను ఉంచు.

విన్నిపెగ్ వాపస్:
సార్, మీ సర్వీసుకి దణ్ణం. కానీ శక్తిమాన్‌కీ ఈ బండికీ పోలిక లేదు. నేను విన్నిపెగ్‌లో నాలుగు చలికాలాలు బండి నడిపాను. మైనస్ 30 అక్కడ వింత కాదు. పార్కింగ్‌లో బండి ముందే ప్లగ్ పాయింట్ ఉంటుంది, రాత్రంతా ఇంజిన్‌ని వెచ్చగా ఉంచే బ్లాక్ హీటర్ వైరు గుచ్చి వదిలేస్తాం. పొద్దున స్టార్ట్ చేసి, అద్దం మీద మంచు గీకి, వెళ్ళిపోవడమే.

ఐడిల్‌లో, అంటే బండి కదలకుండా ఇంజిన్ మాత్రం నడుస్తూ, ఉంచితే డీజిల్ ఇంజిన్ వేడెక్కుతుందనుకోవడం పొరపాటు. ఐడిల్‌లో అది కాల్చే డీజిలే కొంచెం, పుట్టే వేడీ కొంచెమే, ఆ చలికి అదీ నిలవదు. సరిగ్గా కాలని డీజిల్ సిలిండర్ గోడల మీంచి జారి ఇంజిన్ ఆయిల్లో కలుస్తుంది. ఎగ్జాస్ట్‌లో ఉండే డీపీఎఫ్ ఫిల్టర్‌లో మసి పేరుకుంటుంది. ఒక నిమిషం, మహా అయితే రెండు. తర్వాత టెంపరేచర్ సూది పైకి లేచేదాకా 2000 ఆర్‌పీఎం దాటకుండా మెల్లగా పోనివ్వు. ఇంజిన్‌తో పాటు గేర్‌బాక్సూ, షాక్ అబ్జార్బర్లూ, టైర్లూ కూడా వేడెక్కాలి. బండి నిలబడి ఉంటే అవి ఎక్కడ వేడెక్కుతాయి?

సర్జాపూర్ లక్ష్మి:
చిన్నోడూ, కాజా చేరేసరికి నీ ట్యాంకులో ఏ డీజిల్ ఉంటుంది?

పుట్టపర్తి చిన్నోడు:
డీజిల్ అంటే డీజిలే కదా అక్కా?

మాజీ ఈఎంఈ:
ఒక నిమిషమట! చలికి గడ్డకట్టిన ఆయిల్ టర్బో దాకా ఎక్కడానికి నిమిషం చాలుతుందా? టర్బో షాఫ్టు పొడిగా తిరిగితే ఏమవుతుందో ఎప్పుడైనా విప్పి చూశారా? నేను చూశాను.

విన్నిపెగ్ వాపస్:
ఆయిల్ ప్రెషర్ కొన్ని సెకన్లలోనే వస్తుంది సార్, సరైన గ్రేడు పోస్తే. అసలు సంగతి గ్రేడు. 15W-40తో వెళ్ళకూడదు, 5W-30తో వెళ్ళాలి.

మాజీ ఈఎంఈ:
W అంటే వెయిట్. పలచటి ఆయిల్ పోసి కొండలెక్కితే ఇంజిన్ సీజవుతుంది.

మదనపల్లె మెకానిక్:
W అంటే వింటర్ సార్. దాని ముందు అంకె చలిలో ఎంత తేలిగ్గా పారుతుందో చెప్తుంది. వేడెక్కాక ఎంత చిక్కగా ఉంటుందో వెనక అంకె. 15W ఆయిల్‌ని మైనస్ 20 దగ్గర పరీక్షిస్తారు, 5Wని మైనస్ 30 దగ్గర.

మాజీ ఈఎంఈ:
వింటర్ కానీ వెయిట్ కానీ, పదిహేను నిమిషాలు పదిహేను నిమిషాలే.

మదనపల్లె మెకానిక్:
తమ్ముడూ, నాకు కేఆర్ పురంలో షెడ్డుంది. ఈ పెద్దలు నిమిషాలు లెక్కపెట్టుకుంటుంటారు కానీ, నువ్వు అసలు భయపడాల్సినవి వేరే ఉన్నాయి. లక్ష్మిగారు అడిగిందే మొదటిది.

డీజిల్లో సహజంగానే మైనం ఉంటుంది. చలి ముదిరితే అది గడ్డకట్టి డీజిల్ మబ్బు పట్టినట్టవుతుంది, ఆపైన నెయ్యిలా పేరుకుంటుంది. ట్యాంకులో డీజిల్ నిండుగా ఉన్నా ఫిల్టర్ దాటి ఇంజిన్‌కి రాదు. ముందు స్టార్ట్ అయితే కదా, ఎన్ని నిమిషాలు ఉంచాలన్న గొడవ! ఇండియన్ ఆయిల్ వాళ్ళు 2019 నవంబరులో లద్దాఖ్‌లో వింటర్ డీజిల్ తెచ్చారు, మైనస్ 33లోనూ గడ్డకట్టదని. కాజా బంకులో ఏది పోస్తున్నారో అక్కడివాళ్ళనే అడుగు. కింద పోయించింది వీలైనంత ఖాళీ చేసుకుని వెళ్ళి, చేరిన సాయంత్రమే అక్కడి డీజిల్ నింపి, కాసేపు నడిపి ఆపు. లేకపోతే ఫిల్టర్లో పాతదే ఉండిపోతుంది.

రెండోది బ్యాటరీ. మైనస్ 18 దగ్గర బ్యాటరీ శక్తి దాదాపు సగానికి పడిపోతుంది. అదే టైముకి ఆయిల్ చిక్కబడి ఇంజిన్ తిప్పడానికి ఎక్కువ శక్తి కావాలి. మూడేళ్ళు దాటిన బ్యాటరీ అయితే ఇక్కడే మార్చుకుని వెళ్ళు. ఛార్జ్ దిగిపోయిన బ్యాటరీ లోపల గడ్డకడుతుంది కూడా.

మూడోది కూలెంట్. పోయినేడాది ఒకాయన మనాలి వెళ్తున్నానని సర్వీసుకి వచ్చాడు. రేడియేటర్ మూత తీస్తే టీ డికాషన్ రంగులో తుప్పునీళ్ళు. బెంగళూరులో చల్లగానే ఉంటుంది కదా అని మూడేళ్ళుగా కుళాయి నీళ్ళే పోస్తున్నాడట. ఆ నీళ్ళు మంచుగడ్డయితే ఉబ్బి ఇంజిన్ బ్లాకునే పగలగొడతాయి. కూలెంటూ, డిస్టిల్డ్ వాటరూ సగం సగం కలిపితే మైనస్ 35 దాకా ఢోకా లేదు.

నెల్లూరు లారీ:
రాత్రి హ్యాండ్ బ్రేక్ లాగొద్దు. గేర్లో పెట్టి చక్రం కింద రాయి పెట్టు.

హిందూపురం ఎక్స్‌ప్రెస్:
ఎలక్ట్రిక్ కారు కొనుక్కో, ఏ గొడవా ఉండదు.

సర్జాపూర్ లక్ష్మి:
చలిలో దాని రేంజ్ తగ్గుతుంది బాబూ. కాజా కొండల్లో ఎక్స్‌టెన్షన్ బాక్సు పట్టుకుని తిరుగుతాడా?

మాజీ ఈఎంఈ:
డీజిల్ గడ్డకడితే మా రోజుల్లో ట్యాంకుకి లీటరో రెండు లీటర్లో కిరోసిన్ కలిపేవాళ్ళం. లారీ డ్రైవర్లు ట్యాంకు కిందే మంట పెట్టేవాళ్ళు.

మదనపల్లె మెకానిక్:
సార్, దయచేసి! ఈ కాలం కామన్ రైల్ పంపుకి డీజిలే గ్రీజు. కిరోసిన్‌లో ఆ జిడ్డు లేదు. పంపు అరిగి ఇంజెక్టర్లతో సహా పోతే ఎంతవుతుందో జేసీ రోడ్డులో ఒకసారి కనుక్కోండి. ఇక మంట సంగతి నేను మాట్లాడను.

విన్నిపెగ్ వాపస్:
చూశారా? ఇదే నేను అనేది. 30 ఏళ్ళ కిందటి అలవాట్లు పట్టుకుని ఇప్పటి బళ్ళ గురించి సలహాలిస్తారు. ఆ పదిహేను నిమిషాలూ అలాంటిదే.

మాజీ ఈఎంఈ:
హీటర్ వైరు గుచ్చి పడుకున్నవాడు, నడిరాత్రి గ్లవుజుల్లేకుండా నట్టు తిప్పినవాడికి చెప్తున్నాడు. మా చేతి చర్మం స్పానర్‌కి అంటుకుని ఊడొచ్చేది. మీకేం తెలుసు చలంటే?

విన్నిపెగ్ వాపస్:
చలి సంగతి కాదు సార్, పొగ సంగతి! మీలాంటివాళ్ళ వల్లే మా ఇంట్లో మనుషులు ఊపిరాడక చస్తున్నారు.

హిందూపురం ఎక్స్‌ప్రెస్:
కాజాలో మీకు ఇల్లుందా అన్నా?

విన్నిపెగ్ వాపస్:
నవ్వులాట కాదు. కాడుగోడిలో అపార్ట్‌మెంట్, మాది గ్రౌండ్ ఫ్లోర్. బేస్‌మెంట్ గాలి బయటికొచ్చే జాలీ సరిగ్గా మా అమ్మ పడుకునే గది కిటికీ పక్కనే ఉంది. రోజూ పొద్దున 6.20కి ఒక పెద్దమనిషి డీజిల్ బండి స్టార్ట్ చేసి, ఇంజిన్ నడుస్తుండగానే పైకెళ్ళి కాఫీ తాగి వస్తాడు. పదిహేను నిమిషాలు, గడియారం పెట్టి చూశాను. అమ్మకి ఆస్తమా. ఆ టైముకి కిటికీ మూసి, గుమ్మం కింద తడిగుడ్డ పెట్టి, నెబ్యులైజర్ పెడతాం. ఆయన్ని అడిగితే "ఇంజిన్ వేడెక్కాలి కదండీ" అంటాడు. అసోసియేషన్‌కి రాస్తే "స్వల్ప అడ్జస్ట్ మాడి" (కొంచెం సర్దుకోండి) అన్నారు. ఈ ఊళ్ళో రికార్డయిన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8, అదీ 1884లో! ఇక్కడ ఏ ఇంజిన్‌కండీ పావుగంట వేడి?

మాజీ ఈఎంఈ:
నేను మీ బేస్‌మెంట్‌లో లేనప్పా. హోసకోటెలో సొంతిల్లు నాది. ఆరుబయటే పెడతాను బండి.

విన్నిపెగ్ వాపస్:
అంటే మీరూ ఇక్కడ ఉంచుతారన్నమాట!

మాజీ ఈఎంఈ:
ఉంచేవాడిని. ఇప్పుడు లేదు. మా అబ్బాయి తాళంచెవి తీసేసుకున్నాడు. పోయిన దీపావళికి కోడలి తరఫు చుట్టాలంతా వచ్చారు. వాళ్ళని స్టేషన్‌లో దింపాలని ముందుగా వెళ్ళి బండి స్టార్ట్ చేసి పెట్టాను. వాడొచ్చి అందరి ఎదుటా ఇంజిన్ ఆపేసి, "నాన్నా, ఇది కార్బ్యురేటర్ల కాలం కాదు, నీకు తెలియదు" అని తనే డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. నలభై ఏళ్ళు ఇంజిన్లు విప్పినవాడిని వెనక సీట్లో సామాన్ల పక్కన కూర్చున్నాను. ఇక్కడ మీరు కూడా అదే మాట అంటే నాకెలా ఉంటుంది?

హిందూపురం ఎక్స్‌ప్రెస్:
ఈయన పక్కింటాయనా, ఆయన కొడుకూ ఇక్కడ లేకపోబట్టి సరిపోయింది.

విన్నిపెగ్ వాపస్:
సార్, మీకు తెలియదని నేను అనలేదు.

మాజీ ఈఎంఈ:
30 ఏళ్ళ కిందటి అలవాట్లన్నారు. పైకి వెళ్ళి చదవండి.

విన్నిపెగ్ వాపస్:
అన్నాను. ఆ మాట తప్పే. అమ్మకి రాత్రంతా నిద్ర లేదు, ఆ చిరాకులో రాశాను. కానీ విషయం మారదు. బెంగళూరులో అర నిమిషం కూడా దండగ. మైనస్ 20లో అయితే ఎలాగూ అద్దాలు గీకాలి, అయిదు నిమిషాలు పడుతుంది. అంతసేపు ఇంజిన్ నడుస్తుంటే నేను కాదనను.

మాజీ ఈఎంఈ:
అదే కదా నేను మొదట్నుంచీ చెప్తున్నది!

విన్నిపెగ్ వాపస్:
మీరు పదిహేనన్నారు.

మాజీ ఈఎంఈ:
మా లారీ అద్దం పెద్దది. మీ అమ్మగారి గది కిటికీ సంగతి రాతపూర్వకంగా ఇవ్వండి, డాక్టర్ చీటీ జతచేసి. నోటిమాట ఎవడూ వినడు. అయినా మూసిన చోట ఇంజిన్ నడిపి వదిలేయడం ప్రాణం మీదికొచ్చే పని. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి వాసన ఉండదు. సైన్యంలో అయితే ఆ పెద్దమనిషికి కూడా ఉస్తాద్ చేతిలో అయ్యేది.

సర్జాపూర్ లక్ష్మి:
చిన్నోడూ, ఇంకా ఉన్నావా?

పుట్టపర్తి చిన్నోడు:
ఉన్నాను అక్కా. బ్యాటరీ మార్చాను, ఆయిల్ 5W-30 అని బిల్లులో చూసుకున్నాను, కూలెంట్ కూడా కొత్తది పోయించాను. పొగని శుభ్రం చేయడానికి విడిగా పోసే యాడ్‌బ్లూ ద్రవం మైనస్ 11కే గడ్డకడుతుందంట, దాని ట్యాంకులో హీటర్ ఉంటుందని మెకానిక్ అన్న ఫోన్‌లో చెప్పాడు. ఎల్లుండి బయల్దేరుతున్నాం.

(మూడు వారాల తర్వాత)

పుట్టపర్తి చిన్నోడు:
వచ్చేశాం. అందరికీ థాంక్స్. కాజాలో మొదటి రాత్రి ఫోన్‌లో మైనస్ 17 చూపించింది. రాత్రి బ్యాటరీ విప్పి గదిలోకి తెచ్చుకున్నాను, ఇంటాయన అలాగే చేయమన్నాడు. పొద్దున బిగించాక కిటికీ అద్దాల ఆటో బటన్ పని చేయలేదు, గడియారం పన్నెండు చూపించింది, అంతే. తాళం తిప్పి హీటర్ ప్లగ్ లైటు ఆరేదాకా ఆగాను, మళ్ళీ ఆపి ఇంకోసారి అలాగే చేశాను. సెల్ఫ్ కొడితే రెండో దఫాకి ఇంజిన్ అందుకుంది. ముగ్గురం కేకలు పెట్టాం.

గేరు వేసి క్లచ్ వదిలితే బండి వెనక భాగం కిందికి కూర్చుంటుంది కానీ కదలదు. దిగి చూస్తే ముందు చక్రాలు మంచు మీద జారుతున్నాయి, వెనకవి తిరగడం లేదు. రాత్రి బండి పెట్టింది మా బావమరిది. అలవాటు కొద్దీ హ్యాండ్ బ్రేక్ లాగాడు. అంతకుముందు దారిలో ఒక వాగు దాటాం, డ్రమ్ముల్లోకి నీళ్ళు పోయినట్టున్నాయి, లోపల లైనర్ డ్రమ్ముకి అతుక్కుపోయింది. నేను కెటిల్‌తో వేడినీళ్ళు తేబోతే, ఇంటాయన చేయి పట్టుకుని ఆపాడు, అవీ క్షణాల్లో గడ్డకడతాయని. చిన్న సుత్తి తెచ్చి, మంచులో పడుకుని, డ్రమ్ము చుట్టూ మెల్లగా తట్టుకుంటూ పోయాడు. కొబ్బరికాయ పగిలినట్టు టక్‌మంది. తర్వాత రెండోవైపు.

నెల్లూరు అన్నా, మీరు చెప్పింది చదివాను, బావమరిదికి చెప్పడం మర్చిపోయాను.

నెల్లూరు లారీ:
సరేలే.

మాజీ ఈఎంఈ:
క్షేమంగా వచ్చారు, సంతోషం. ఇంజిన్ ఎన్ని నిమిషాలు నడుస్తూ ఉంది బాబూ?

పుట్టపర్తి చిన్నోడు:
చక్రాలు విడిపించేసరికి ఇరవై నిమిషాలైంది సార్. ఆపితే మళ్ళీ స్టార్ట్ కాదేమోనని భయంతో ఆపలేదు.

మాజీ ఈఎంఈ:
తర్వాత బండి ఎలా నడిచింది?

పుట్టపర్తి చిన్నోడు:
వెన్నలా నడిచింది సార్.

మాజీ ఈఎంఈ:
చూశారా?

విన్నిపెగ్ వాపస్:
తమ్ముడూ, డిప్‌స్టిక్ తీసి ఆయిల్ లెవెల్ పెరిగిందేమో చూడు. డీజిల్ వాసన వస్తుందేమో కూడా చూడు. ఫొటో పెట్టు.