ఆబ్రియేటాకి నడినెత్తిన బట్టతల వచ్చింది, పీకేయాలా?

పెరటిపిచ్చి:
మూడేళ్ల కింద ఈ నేల మీద పాకే పూలమొక్కని రాళ్ల గట్టు మీద పెట్టానండి. రెండేళ్లు చాప పరిచినట్టు పాకింది, ఈసారి కూడా అంచుల్లో ఊదా పూలు విరగబూశాయి, కానీ మధ్యలో పళ్లెమంత మేర ఆకే లేదు, అన్నీ ఎండు పుల్లలు. పూలయిపోయి పది రోజులైంది. అంచు పైకెత్తి చూస్తే కింద నల్లబడ్డ పాత ఆకులు, తడి, రెండు నత్తలు. బలం చాల్లేదేమోనని గుప్పెడు ఎరువు వేసి నీళ్లు పెంచా. ఏం తేడా లేదు.

మట్టిచేతులు:
పీకకండి. ముందు ఆ ఎరువూ నీళ్లూ ఆపండి. ఆగ్నేయ యూరప్ నుంచి టర్కీ దాకా కొండల్లో రాళ్ల సందుల్లో బతికే జాతి ఇది, బలమైన మట్టిలో పెడితే ఆకు మీదే ధ్యాస, పూలు తగ్గిపోతాయి. పైగా చలికాలంలో కూడా ఆకు నిలిచే ఉంటుంది కాబట్టి కింద తడి ఆరదు. చలికి ఓర్చుకుంటుంది గానీ కుదురు దగ్గర తడి నిలిస్తే కుళ్లిపోతుంది. ఆ కుళ్లిన ఆకులన్నీ చేత్తో లాగేసి, ఎండు పుల్లను గోటితో గీకి చూడండి, లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. అసలు పూలయ్యాక ఎప్పుడైనా కత్తిరించారా?

పెరటిపిచ్చి:
గీకా, సగం పుల్లలు పచ్చగానే ఉన్నాయి! కత్తెర మాత్రం ఒక్కసారీ పెట్టలేదు. పచ్చగా ఉన్నదాన్ని కోయడానికి చేతులు రాలేదు.

మట్టిచేతులు:
అదే మరి. పూలు రాలగానే ఏటా సగానికి సగం కోసేయాలి, లేకపోతే కొమ్మలు చివర్లో పెరుగుతూ మొదట్లో కట్టెబారిపోతాయి. ఇప్పుడు సరైన సమయమే, ఆలస్యం చేయకండి.

రాళ్లసందు:
కోతకి నేనూ ఓటేస్తా, కానీ బొత్తిగా ఆకులేని ముసలి పుల్ల దాకా కోస్తే చిగురేస్తుందని గ్యారంటీ లేదు, నాది ఒకటి అలాగే పోయింది. అంచుల్లో కోసి, మధ్యలో ఖాళీలో ముతక ఇసుక, సన్న గులకరాళ్లు, కాస్త మట్టి కలిపి పుల్లల మధ్యకి దిగేలా పోయండి. పక్క కొమ్మలు దానికి ఆనుకుని వేళ్లు దించుతాయి. కోసినవాటిలో పూలు రాని చివుళ్లు వేలంత తీసి, కింది ఆకులు గిల్లి, ఇసుక ఎక్కువున్న కుండీలో నీడన గుచ్చండి, ముసలిది పోయినా వారసులుంటారు. విత్తనాలతో మాత్రం అదే రంగు వస్తుందని ఆశపడొద్దు. అన్నట్టు పువ్వు దగ్గరగా చూశారా, నాలుగు రేకులు, అచ్చం ఆవపువ్వే, కుటుంబం కూడా అదే. మట్టిలో ఆమ్లగుణం ఉంటే కాస్త సున్నం కలపండి, ఇష్టపడుతుంది. పేరు మాత్రం క్లాడ్ ఆబ్రియే అని మొక్కల బొమ్మలు గీసిన ఫ్రెంచి చిత్రకారుడిది.

కొత్తకుండీ:
మధ్యలో దూరుతున్నందుకు సారీ. మాకు చలి తక్కువ, ఎండాకాలం రాత్రిళ్లు కూడా ఉక్కే. కుండీలో వస్తుందా?

మట్టిచేతులు:
ఒక సీజన్ పూలు చూసి వదిలేస్తానంటే పెట్టుకోండి. ఏళ్లపాటు పాకాలంటే ఆ ఉక్కలో కష్టం, నా మాట వింటే వేరే మొక్క చూసుకోండి.

పెరటిపిచ్చి:
కోసేశానండి. గుండు గీసినట్టుంది, చూస్తే భయమేస్తోంది. పదకొండు చివుళ్లు కుండీలో గుచ్చా. నత్తల్ని గోడ అవతల వదిలా, మళ్లీ వచ్చేస్తాయా?

రాళ్లసందు:
వస్తాయి.